ప్రియదర్శిని పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?

నెలకోసారి ఎవరో ఒకరు "ఈ నెల ఇంట్లో చూడదగ్గ కొత్త సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, యానిమే" అంటూ చాంతాడంత జాబితా ఒకటి వేస్తారు. నాలాంటి వాళ్లకి అది పంచాంగంతో సమానం. ఏది ఏ తారీఖున వస్తుంది, ఎందులో వస్తుంది, తెలుగు ఆడియో ఉందా, 4కె ఉందా అని చూసుకుని శని, ఆదివారాలు ముందే బుక్ చేసేసుకుంటాం. అందులో తప్పేం లేదు. నా పేచీ అల్లా ఆ జాబితాల్లో వాడే "విడుదల" అనే మాటతోనే. పొద్దున లేస్తే రిలీజులతో కుస్తీ పట్టే ఉద్యోగం కదా, ఆ మాట మీద కాస్త పట్టింపు ఎక్కువ.

మా లోకంలో రిలీజ్ అంటే దానికో నంబరు ఉండాలి. 2.3.1 అని ముద్ర కొట్టి బయటికి పంపాక ఆ 2.3.1 ఇంక మారకూడదు. తప్పు దొరికితే సరిచేసి 2.3.2 అని పంపాలి. ఏం మారిందో ఒక కాగితమ్ముక్క మీదైనా రాసిపెట్టాలి. పాతదే కావాలన్నవాడికి పాతది ఇవ్వగలగాలి. ఇవేవీ లేకుండా నేరుగా సర్వర్‌లో ఫైలు మార్చేసి ఇంటికెళ్లిపోయేవాణ్ణి మా టీంలో ఏమంటారో ఇక్కడ రాయడం బాగోదు :)

ఈ లెక్కన చూస్తే డిస్కు మీద వచ్చేది నిజమైన రిలీజ్. స్ట్రీమింగ్‌లో వచ్చేది రిలీజ్ కాదు. అది "ప్రస్తుతానికి ఇదీ" అని చూపించడం మాత్రమే. రేపు అదే ఉంటుందని గానీ, అసలు ఉంటుందని గానీ ఎవరూ మాటివ్వలేదు. ఈ తేడా అన్నిరకాల సినిమాలకీ ఉన్నా, దెబ్బ మాత్రం సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, యానిమేలకే గట్టిగా తగులుతుంది. ఎందుకలా అంటున్నానో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా ఒక సంగతి. ఈ మూడు రకాలకీ ఇల్లు అనేది థియేటర్ తరవాతి రెండో ఆట కాదు. చాలాసార్లు వాటికి ప్రాణం పోసింది ఇల్లే. 2002లో అమెరికాలో ఫాక్స్ ఛానెల్ వాళ్లు 'ఫైర్‌ఫ్లై' అనే అంతరిక్ష ధారావాహిక వేశారు. తీసినవి 14 భాగాలు, వేసినవి 11. అవి కూడా వరస తప్పించి వేశారు. మొదటి భాగం ముందు చూడకపోతే కథ ఎవడికి అర్థమవుతుంది? సీజన్ సగంలోనే ఆపేశారు. 2003 డిసెంబరులో 14 భాగాలూ సరైన వరసలో డివిడిగా వచ్చాయి. జనం ఎగబడి కొన్నారు. ఆ అమ్మకాలు చూశాకే 2005లో 'సెరెనిటీ' సినిమా వచ్చింది. అంటే కింది కోర్టులో ఓడిపోయిన కేసు పైకోర్టులో గెలిచినట్టన్నమాట. ఆ పైకోర్టు జనాల హాల్లో టీవీ కింద ఉండేది.

జపాన్‌లో అయితే ఇంకా విచిత్రం. థియేటర్ వద్దు, టీవీ వద్దు, నేరుగా క్యాసెట్ కోసమే బొమ్మలు తీయడం అక్కడ ఒక ప్రత్యేక శాఖగా పెరిగింది. 1983లో మమోరు ఒషీ దర్శకత్వంలో వచ్చిన 'డల్లోస్'ని అందులో మొదటిదిగా చెబుతారు. అది చంద్రుడి మీద జరిగే సైన్స్ ఫిక్షన్ కథ. 'లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్' 1988 నుంచి 1997 దాకా 110 భాగాలు వచ్చింది. రెండు నక్షత్ర రాజ్యాల యుద్ధం, రాజకీయం, చరిత్ర, తాపీగా సాగే సంభాషణలు. రేటింగులు చూసుకునే ఏ ఛానెలూ 110 భాగాల పాటు దాన్ని భరించదు. ఇష్టపడిన వాళ్లు డబ్బు పెట్టి టేపులు కొనుక్కున్నారు కాబట్టి అది పూర్తయింది.

అంతెందుకు, 'మాయాబజార్' (1957)లో ప్రియదర్శిని గుర్తుందిగా? పెట్టె మూత తీస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకి కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు, కృష్ణుడు చూస్తే శకుని. ఇంట్లో కూర్చుని మనక్కావలసింది చూసుకోవడం అనే ఆలోచనకి మనవాళ్లు అప్పుడే బొమ్మ కట్టేశారు. ఒకటే తేడా. ఆ పెట్టె శశిరేఖ దగ్గరే ఉండేది. నెలనెలా చందా కట్టమని గానీ, "క్షమించాలి, అభిమన్యుడు ప్రస్తుతం మీ ప్రాంతంలో అందుబాటులో లేడు" అని గానీ ఎవరూ అనలేదు.

సరే, వర్షన్ల సంగతికొద్దాం.

కుటుంబ కథలో కొత్తగా మార్చడానికి ఏముంటుంది? సైన్స్ ఫిక్షన్‌లో సగం బొమ్మ గ్రాఫిక్సే. టెక్నాలజీ పెరిగినకొద్దీ దాన్ని కెలకాలన్న దురద పుడుతుంది. 'స్టార్ వార్స్' 1977లో వచ్చింది. అందులో హాన్ సోలో బల్ల కింద నుంచి గ్రీడోని కాల్చేస్తాడు. 1997లో మార్చి గ్రీడోనే ముందు కాల్చినట్టు చూపించారు. 2004 డివిడిలో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాలుస్తారు. 2019లో డిస్నీ స్ట్రీమింగ్ మొదలుపెట్టిన రోజున చూస్తే, గ్రీడో చచ్చేముందు అంతకుముందు లేని మాటొకటి అంటాడు. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. జనమే చూసి పట్టుకున్నారు. ముందు కాల్చాడా తరవాత కాల్చాడా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, హాన్ సోలో ఎలాంటి మనిషో ఆ ఒక్క తూటాలోనే ఉంది. 1977 నాటి రూపం 2006లో డివిడిలో వచ్చింది, అదీ బోనస్ డిస్కుగా, 1993 లేజర్‌డిస్కు కోసం చేసిన పాత మాస్టర్ నుంచి. సినిమా చరిత్రనే మార్చిన బొమ్మకి దక్కిన మర్యాద అది.

ఇదే పని మర్యాదగా ఎలా చెయ్యొచ్చో కూడా ఉదాహరణలున్నాయి. 'ఇ.టి.' (1982)ని స్పీల్‌బర్గ్ 2002లో మార్చాడు. పిల్లల్ని తరిమే పోలీసుల చేతుల్లో తుపాకులు తీసేసి వాకీటాకీలు పెట్టాడు. కానీ ఆ ఏడాది డివిడిలో పాతదీ కొత్తదీ రెండూ ఇచ్చారు. ఏది నచ్చితే అది చూసుకోమన్నారు. తరవాత ఆయనే అలా మార్చి ఉండాల్సింది కాదన్నాడు. 'బ్లేడ్ రన్నర్' కథ ఇంకా ముచ్చటైంది. 1982లో స్టూడియో వాళ్లు హీరో చేత వ్యాఖ్యానం చెప్పించి, చివర్లో సుఖాంతం అతికించి వదిలారు. 1992లో ఆ రెండూ తీసేసిన రూపం వచ్చింది. 2007లో రిడ్లీ స్కాట్ తన చివరి రూపం ఇచ్చాడు. అదే ఏడాది వచ్చిన అయిదు డిస్కుల పెట్టెలో మొత్తం అయిదు రూపాలున్నాయి, మొదట్లో పరీక్షగా చూపించిన ముడి ప్రింటుతో సహా. ఒక్కోదానికీ పేరు, సంవత్సరం. మా భాషలో చెప్పాలంటే రిపోజిటరీ మొత్తం చేతిలో పెట్టారు. దర్శకుడికి మార్చుకునే హక్కు లేదని నేననను. మార్చినట్టు చెప్పు, పాతది చెరపకు, అంతే.

స్ట్రీమింగ్‌లో ఆ రెండో షరతు ఎగిరిపోతుంది. 'స్ప్లాష్' (1984) అని ఒక మత్స్యకన్య కథ ఉంది. 2020లో డిస్నీ స్ట్రీమింగ్‌లో చూసినవాళ్లకి హీరోయిన్ వీపు కింద జుట్టు అమాంతం పెరిగిపోయి కనిపించింది. నగ్నత్వం కనపడకుండా కంప్యూటర్‌తో అతికించిన జుట్టు. అదీ సవరం అతికించినట్టు ఘోరంగా. పాత డివిడి ఉన్నవాళ్లు పక్కపక్కన పెట్టి చూపించబట్టి సంగతి బయటపడింది. ఇక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. పాత డివిడిలే లేకపోతే? "అప్పుడు అలా లేదురా" అని నువ్వంటావు, "నీకు సరిగ్గా గుర్తులేదు" అని ఇంకొకడంటాడు. తేల్చేదెవరు?

యానిమేలో ఇంకో రెండు పీటముళ్లున్నాయి. ఒకటి పాటల హక్కులు, రెండోది అనువాదం. 'నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్' 1995-96లో జపాన్ టీవీలో వచ్చింది. ప్రతి భాగం చివరా ఒక పాత అమెరికన్ పాటని రకరకాలుగా పాడించి వేస్తారు. లోకం తలకిందులయ్యే భాగం అయిపోగానే ఆ తేలికపాటి జాజ్ పాట వస్తుంటే వచ్చే అనుభూతే వేరు. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసరికి జపాన్ బయట చాలాచోట్ల ఆ పాట లేదు. దాని బదులు నేపథ్య సంగీతంలోంచి ఒక పియానో ముక్క పెట్టారు. డబ్బింగూ కొత్తదే, సబ్‌టైటిళ్లూ కొత్తవే. 24వ భాగంలో ఒక పాత్ర హీరోతో చెప్పే మాట అంతకుముందు ఇంగ్లీషులో "ప్రేమ" అని ఉండేది, ఇప్పుడు "ఇష్టం" అయింది. జపనీస్ మాటకి రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి ఏది సరైందన్నది వేరే వాదన. నా బాధ ఏంటంటే, కొత్తగా చూసే కుర్రాడికి అక్కడొక వాదన ఉందని తెలిసే దారే లేదు. వాడికి కనిపించేది ఒక్కటే ఎవాంజెలియన్. పాట లేని ఎవాంజెలియన్.

వర్షన్ మారడం ఒక రోగం అయితే, అసలు మాయమైపోవడం ఇంకో రోగం.

'క్రేటర్' అని పిల్లల సైన్స్ ఫిక్షన్ సినిమా ఒకటి. చంద్రుడి మీద గనుల కాలనీలో పెరిగే కుర్రాళ్ల కథ. 2023 మే 12న డిస్నీ స్ట్రీమింగ్‌లో పెట్టారు, జూన్ 30న తీసేశారు. సరిగ్గా ఏడు వారాలు. మా ఇంట్లో ఆవకాయ జాడీ కూడా అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. ఫాంటసీ ధారావాహిక 'విల్లో' 2022 నవంబరు ఆఖర్న మొదలైంది, 2023 మేలో పోయింది. వాళ్ల సొంత దుకాణంలో, వాళ్ల సొంత సరుకే! హక్కులు ఇంకొకడివి కావు, గడువు తీరలేదు. ఉంచడం కన్నా తీసేస్తే పద్దుల్లో లాభం అనుకున్నారు. 'క్రేటర్'ని కొన్నాళ్లకి డిజిటల్‌గా అమ్మకానికి పెట్టారనుకోండి, అది వాళ్ల దయ. తీసేసిన రోజున మాత్రం ఎవరింట్లోనూ దాని డిస్కు లేదు, ఎందుకంటే వాళ్లు అసలు వెయ్యలేదు.

"చందా కట్టి చూసేది పోతే పోయింది, కొనుక్కున్నది ఉంటుంది కదా" అంటారా? దానికీ కథ ఉంది. అమెరికాలో ఫ్యునిమేషన్ అనే యానిమే సంస్థ డిస్కులతో పాటు డిజిటల్ కాపీల కోడ్‌లు ఇచ్చేది. తరవాత సంస్థలు కలిసిపోయాయి. 2024 ఏప్రిల్ 2న ఫ్యునిమేషన్ యాప్ మూసేశారు. జనాలు కూడబెట్టుకున్న ఆ డిజిటల్ కాపీలు కొత్త చోటికి బదిలీ కాలేదు. చిత్రం ఏంటంటే, అదే కోడ్‌తో వచ్చిన డిస్కు మాత్రం ఇప్పటికీ వాళ్ల అరలో భద్రంగా ఉంది. ఒకే డబ్బాలో వచ్చిన రెండు కాపీల్లో ఏది నిజంగా వాళ్లదో అప్పుడు తేలింది. 2009లో అమెజాన్ వాళ్లు హక్కుల గొడవ వచ్చి, జనాలు కొనుక్కున్న ఒక నవల కిండిల్ ప్రతుల్ని వాళ్ల పరికరాల్లోంచి వెనక్కి లాగేసుకున్నారు. ఆ నవల ఏదో తెలుసా? పాత రికార్డులు చెరిపేసే ప్రభుత్వం గురించి జార్జ్ ఆర్వెల్ రాసిన '1984'. ఇలాంటివి ఎవరైనా కథలో రాస్తే మరీ అతిగా ఉందంటాం.

నాకూ ఒక ముచ్చట జరిగింది. ఒక ఆన్‌లైన్ దుకాణంలో (పేరు అనవసరం) డబ్బు పోసి ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా "కొన్నాను". ఏడాదిన్నర తరవాత చూద్దామని నొక్కితే బొమ్మ ఉంది, పేరుంది, "నీ లైబ్రరీ" అని కూడా ఉంది, సినిమా లేదు. చాట్‌లో అడిగితే అవతలి అమ్మాయి పాపం ఎంతో వినయంగా, హక్కుల ఒప్పందం ముగిసిందని చెప్పి ఒక కూపన్ ఇచ్చింది. ఆ కూపన్‌తో ఇంకో సినిమా "కొనుక్కోవచ్చట". డేటాబేసులో ఒక వరసలో ఒక నిజాన్ని అబద్ధంగా మారిస్తే సరిపోయే పనికి నేను కొనుగోలు అని పేరు పెట్టను. అది అద్దె. అద్దె అని చెప్పి తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, అద్దింట్లో పుట్టి పెరిగినవాణ్ణే. అద్దిల్లు ఇచ్చి రిజిస్ట్రేషన్ అయినట్టు స్వీట్లు పంచితేనే ఒళ్లు మండుతుంది.

బొమ్మ నాణ్యత గురించి కూడా నాలుగు ముక్కలు. నెట్‌ఫ్లిక్స్ 4కె చూడడానికి సూచించే వేగం సెకనుకి 15 మెగాబిట్లు. 4కె డిస్కుకి గరిష్ఠ పరిమితి సెకనుకి 128 మెగాబిట్ల దాకా ఉంది. రెండున్నర గంటల సినిమా 15 మెగాబిట్ల లెక్కన సుమారు 17 గిగాబైట్లు. డిస్కులో 100 దాకా పడుతుంది. కొత్త కోడెక్‌లు తెలివైనవే, తక్కువలో ఎక్కువ పట్టిస్తాయి, ఒప్పుకుంటాను. కానీ చీకటి, పొగ, మంచు, నక్షత్రాలు, ఒకే రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారే ఆకాశం, ఇవే కంప్రెషన్‌కి బద్ధశత్రువులు. మన ముగ్గురికీ, అంటే సైన్స్ ఫిక్షన్‌కీ ఫాంటసీకీ యానిమేకీ, ఇవే పెట్టుబడి. 2019 ఏప్రిల్ 28న 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో రాత్రి యుద్ధం భాగం వచ్చినప్పుడు లోకమంతా "ఏమీ కనపడట్లేదు" అని గగ్గోలు పెట్టింది. చీకటి ఉండాల్సిన చోట నల్లటి గళ్లు కనిపించాయి. ఛాయాగ్రాహకుడు తీసిందాంట్లో లోపం లేదన్నాడు. డిస్కులో చూసినప్పుడు నాకు ఆయన మాటలో నిజముందనే అనిపించింది. లోపం చాలావరకు గొట్టంలో ఉంది.

ఇదంతా అమెరికా వాళ్ల గోల, జపాన్ వాళ్ల గోల, మనకెందుకు అంటారేమో. నన్నడిగితే మనకే ఎక్కువ.

మా పిన్ని కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి యానిమే అంటే తెలుగే. 'సోలో లెవెలింగ్' 2024లో వచ్చినప్పుడు తెలుగు డబ్బింగ్‌లోనే చూశాడు. 2025 సెప్టెంబరు 12న 'డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' మన దగ్గర థియేటర్లలో తెలుగులో పడితే స్నేహితుల్ని వేసుకుని మొదటి రోజే వెళ్లాడు. "అన్నా, చదువుకుంటూ కొట్లాట ఎవడు చూస్తాడే" అంటాడు. నేను జపనీస్ గొంతులే గొప్ప అనే బాపతు, అయినా వాడి మాట కొట్టెయ్యలేను. ఎవరో తెలుగు రచయిత కూర్చుని, జపనీస్ తిట్టుకి సరిపోయే తెలుగు తిట్టు వెతికి, పెదాల కదలికకి అతికించి రాశాడు. ఎవరో గొంతు చించుకుని అరిచారు. అదంతా పనే, మంచి పనే. అందులో ఇంటికొచ్చే భాగమంతా ఎక్కడుంది? ఎవరివో సర్వర్లలో. దానికి డిస్కు లేదు. ఫ్యునిమేషన్‌కి పట్టిన గతి రేపు ఇక్కడ పడితే, జపనీస్ ఆడియో ఎలాగూ జపాన్‌లో డిస్కుల మీద బతుకుతుంది. తెలుగు గొంతులే మొట్టమొదట మాయమయ్యేవి. వాడికి ముప్ఫై ఏళ్లొచ్చాక చిన్నప్పటి బొమ్మ చూద్దామనుకుంటే ఇంకో భాషలో చూడాలి.

మన సినిమాల సంగతీ అంతే. 'ఆర్ఆర్ఆర్' 2022 మేలో ఓటీటీకి వచ్చినప్పుడు హిందీ డబ్బింగ్ నెట్‌ఫ్లిక్స్‌కి, తెలుగు జీ5కి వెళ్లాయి. అమెరికాలో దాన్ని నెట్‌ఫ్లిక్స్‌లో చూసి ఊగిపోయిన వాళ్లలో చాలామంది విన్నది హిందీ. తెలుగు సినిమా తెలుగులో చూడాలంటే ఏ కొట్టుకెళ్లాలో కనుక్కోవాల్సి వచ్చింది. 'కల్కి 2898 ఏడీ' కూడా అంతే, 2024 ఆగస్టు 22న తెలుగు ప్రైమ్‌లోకి, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లోకి. డిస్కయితే ఒకదాంట్లోనే నాలుగైదు భాషల ఆడియో పెట్టొచ్చు, పాతికేళ్ల కిందటి డివిడికే ఆ సదుపాయం ఉంది.

ఇంకో ముచ్చట. 'బాహుబలి'ని జపాన్‌లో ముందు కుదించిన రూపంలో విడుదల చేశారు. అక్కడి అభిమానులు వదల్లేదు. 2018లో "సంపూర్ణ రూపం" అని పేరు పెట్టి మళ్లీ వేశారు. డిస్కుల మీద కూడా ఏది కుదించింది, ఏది సంపూర్ణమో పేరుతో సహా ఉంటుంది. మన తెలుగు ఫాంటసీని వర్షన్ నంబరు వేసి దాచుకున్నది ఎవరయ్యా అంటే జపాన్ వాళ్లు! నవ్వాలో ఏడవాలో తెలీదు.

మనకి ఒకప్పుడు ఆ అవకాశం లేక కాదు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్లు విసిడి 28 రూపాయలకి, డివిడి 34 రూపాయలకి అమ్మారు. కిరాణా కొట్లో సబ్బుల పక్కన 'పాతాళ భైరవి' దొరికేది. ఆ కంపెనీ 2018లో దివాలా తీసి లిక్విడేషన్‌కి వెళ్లింది. మన మొదటి తరం సైన్స్ ఫిక్షన్‌లో తలమానికం, సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' (1991), 2025 ఏప్రిల్‌లో 4కె చేసి థియేటర్లలో వేశారు. సంతోషం. ఇంత కష్టపడి శుభ్రం చేసిన బొమ్మని దాచుకోవడానికి చక్కటి డిస్కు, దాంతోపాటు టైం మిషన్ ఎలా కట్టారో ఆ పనిచేసిన వాళ్లే చెప్పే అరగంట ముచ్చట ఇస్తే ఎలా ఉంటుంది? నేనైతే రెండు కొంటాను, ఒకటి మా నాన్నకి.

ఇప్పుడు అవతలి పక్షం. మా ఆఫీసులో ఒక మిత్రుడు వాదిస్తాడు, "ఒరేయ్, డిస్కు మాత్రం శాశ్వతమా?" అని. కాదు. వార్నర్ వాళ్లు 2006-2008 మధ్య వేసిన కొన్ని డివిడిలు చెడిపోయాయని 2025లో వాళ్లే ఒప్పుకున్నారు. ప్లేయర్లు తయారుచేసేవాళ్లు తగ్గిపోతున్నారు. అమెరికాలో బెస్ట్ బై 2024లో డిస్కుల అమ్మకం మానేసింది. నెట్‌ఫ్లిక్స్ తన డివిడి సర్వీసుని 2023 సెప్టెంబరులో మూసేసింది. మన దగ్గర బాధలు వేరే ఉన్నాయి. బ్లూ-రేలో మనది సి ప్రాంతం, అమెరికా, జపాన్ రెండూ ఎ. అక్కణ్ణుంచి తెప్పించుకుంటే ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. 4కె డిస్కులకి ఆ ప్రాంతాల గొడవ లేదు, అదొక్కటే ఊరట. జపాన్ యానిమే డిస్కుల ధర గురించి మాట్లాడకపోవడమే ఆరోగ్యానికి మంచిది. ఇవన్నీ నిజాలే. కానీ డిస్కు చెడితే నా ఒక్కడిదే చెడుతుంది, ఇంకో వెయ్యి ఇళ్లలో మంచిది ఉంటుంది. సర్వర్‌లో తీసేస్తే అందరిదీ ఒకేసారి పోతుంది. ఒకే కాపీ మీద ఊరంతా ఆధారపడకూడదన్నది బ్యాకప్ శాస్త్రంలో మొదటి పాఠం.

ఇంకొకాయన "టొరెంట్లు ఉన్నాయిగా" అంటాడు. బావుంది. సినిమా తీసినవాడు దాచడు, అమ్మినవాడు దాచడు, దొంగ దాచిపెడతాడు కాబట్టి మనం నిశ్చింతగా ఉండాలన్నమాట. నిజానికి చాలా పాత రూపాలు అలా బతికున్నాయన్నది వాస్తవమే. అది దొంగ గొప్పతనం కాదు, దొరల సిగ్గు.

మరి ఏం చెయ్యాలి? స్ట్రీమింగ్ మానెయ్యమని నేను చెప్పట్లేదు, నేనూ మానను. ఒకసారి చూసి వదిలేసేవాటికి అంతకన్నా సుఖం లేదు. నేను పాటించే లెక్క చిన్నది. మూడోసారి చూడాలనిపించిందా, అది డిస్కు మీద దొరుకుతుందేమో వెతుకుతాను. ఏడాదికి నాలుగైదు మించవు. కొనేముందు వెనకవైపు అట్ట చదువుతాను, ఏ రూపం, ఎన్ని నిమిషాలు, ఏ ఆడియో అని. 'ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్' థియేటర్ రూపం 178 నిమిషాలు, పొడిగించింది 208. ఆ ఒక్క అంకె చూస్తే చాలు, చేతిలో ఉన్నదేంటో తెలిసిపోతుంది.

అడగాల్సినవి మూడున్నాయి. ఒకటి, ఓటీటీలో ప్రతి సినిమా కింద వర్షన్, నిడివి, ఎప్పుడు మార్చారు, ఏం మార్చారు అన్నది రాయాలి. ఫోన్లో ఆటల యాప్‌కి కూడా "ఈసారి మార్పులు" అని రాస్తారు, సినిమాకి రాయలేరా? రెండు, అద్దెని అద్దె అనాలి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది, డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు ఇది లైసెన్సు మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదని. మన కేంద్ర ప్రభుత్వం 2023లో ఆన్‌లైన్ మోసపు ఎత్తుగడలు 13 గుర్తించి నిషేధించింది. ఆ జాబితాలో ఇదొకటి చేర్చడానికి పెద్ద ఖర్చేం కాదు. మూడు, తెలుగు డబ్బింగుల మాస్టర్ కాపీ ఒకటి ఏదైనా ప్రభుత్వ భాండాగారంలో పెట్టాలి. పుస్తకం అచ్చేస్తే జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలని 1954 నుంచి చట్టముంది. పుస్తకానికున్న పాటి విలువ గొంతుకి లేదా?

వచ్చే నెల జాబితా వచ్చినప్పుడు మీరూ ఒకసారి ఈ కళ్లతో చూడండి. ఎన్ని "విడుదల" అయ్యాయి, ఎన్ని ఊరికే అలా కనిపిస్తున్నాయి అని. తెలుగు ఆడియోతో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, యానిమే డిస్కులు మీ అటక మీద ఏవైనా ఉంటే వాటి పేరు, సంవత్సరం, నిడివి రాసి పెట్టుకోండి, వీలైతే కింద కామెంట్లో నాకూ చెప్పండి. పాత సామాన్ల వాడికి మాత్రం వెయ్యకండి, మీకు పుణ్యముంటుంది.